ప్రపంచపు వెన్నెముక: గ్లేషియర్ నేషనల్ పార్కులో ఆరు రోజులు

మొదటి రోజు: రంగురాళ్ల సరస్సు

సియాటిల్‌లో సాయంత్రం ఎక్కిన ఎంపైర్ బిల్డర్ రైలు మర్నాడు పొద్దున మమ్మల్ని మోంటానా రాష్ట్రంలోని వైట్‌ఫిష్ స్టేషన్‌లో దించింది. అక్కడ ఒక కారు అద్దెకు తీసుకొని, ముప్పావుగంట ప్రయాణం చేసి, గ్లేషియర్ నేషనల్ పార్కు పడమటి ద్వారం దాటాము. నాతో వచ్చినది మా నాయన. ఆయన కడప జిల్లా యర్రగుంట్ల దగ్గర నాపరాతి గనుల్లో ముప్పై ఏళ్లకు పైగా మేస్త్రీగా పనిచేశారు. బండ మీద సుత్తితో తట్టి, ఆ చప్పుడును బట్టి పలక ఎక్కడ చీలుతుందో చెప్పగలరు.

ఈ ప్రయాణానికి కారణం కూడా ఆయనే. రెండేళ్ల కిందట ఆయన మా ఇంటికి వచ్చినప్పుడు ఒక పుస్తకంలో చీఫ్ మౌంటెన్ అనే కొండ ఫొటో చూపించి, ఇందులో పైనున్న రాయి వయసు 140 కోట్ల ఏళ్లకు పైబడినదనీ, దాని కింద ఉన్న రాయికి 10 కోట్ల ఏళ్లు కూడా నిండలేదనీ చెప్పాను. ఆయన నమ్మలేదు. “కింద పొర ముందు పడితేనే కదమ్మా, దాని మీద ఇంకో పొర పడేది” అన్నారు. గని నేర్పిన మొదటి పాఠం అది. భూగర్భ శాస్త్రం నేర్పే మొదటి పాఠం కూడా అదే. ఆ పాఠం తలకిందులైన చోటును కళ్లతో చూస్తే తప్ప ఒప్పుకోనని ఆయన అప్పుడే తేల్చి చెప్పారు.

పార్కు విస్తీర్ణం 10 లక్షల ఎకరాలకు పైన, అంటే దాదాపు 4,100 చదరపు కిలోమీటర్లు. 1910 మే 11న అధ్యక్షుడు టాఫ్ట్ సంతకంతో ఇది నేషనల్ పార్కు అయింది. ఉత్తరాన కెనడా సరిహద్దు, ఆ సరిహద్దుకు అవతల వాటర్టన్ లేక్స్ పార్కు ఉన్నాయి. ఈ రెండింటినీ కలిపి 1932లో అంతర్జాతీయ శాంతి ఉద్యానంగా ప్రకటించారు; 1995లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఈ తేదీలన్నీ ద్వారం దగ్గర ఇచ్చే కాగితంలోనే దొరుకుతాయి. అయితే ఈ లోయల్లో మనుషులు తిరుగాడిన ఆనవాళ్లు 10,000 ఏళ్లకు మించి వెనక్కి వెళ్తాయి. కొండలకు తూర్పున బ్లాక్‌ఫీట్, పడమట కూటెనై, సేలిష్, పాండొరే తెగలవారు ఈ కొండలను తమవిగా ఎరిగినవారు. మా నాయన తన జేబులోని చిన్న డైరీలో ఊళ్ల పేర్లు రాసుకోవడం చిన్నప్పటి నుంచి నేను చూస్తున్న అలవాటే. ఈసారి ప్రతి చోటుకూ రెండు పేర్లు రాసుకోవలసి వస్తుందని ఆయనకు మొదటి రోజే అర్థమైంది.

మధ్యాహ్నానికి మెక్‌డొనాల్డ్ సరస్సు ఒడ్డుకు చేరాము. హిమానీనదం తొలిచిన లోయలో నిండిన ఈ సరస్సు పొడవు 16 కిలోమీటర్లు, లోతు 140 మీటర్లకు పైన. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే, అడుగున ఉన్న గులకరాళ్లు ఎర్రగా, ఆకుపచ్చగా, ఊదాగా, బూడిద రంగులో విడివిడిగా కనిపిస్తాయి. మా నాయన ప్యాంటు మడిచి నీళ్లలోకి దిగి, ఒక ఎర్ర రాయినీ ఒక పచ్చ రాయినీ తీసి, రెండింటినీ ఒకదానితో ఒకటి తట్టి చూశారు. “రెండూ ఒకే మన్ను” అన్నారు. ఆయన చెప్పినది నిజమే. ఇవి అర్జిలైట్ రాళ్లు, అంటే పురాతన సముద్రపు బురద గట్టిపడి రాయైనవి. రెండింటిలోనూ ఉన్నది ఇనుమే. గాలి తగిలే లోతులేని నీళ్లలో పేరుకున్న బురదలో ఇనుము తుప్పుపట్టి ఎర్రబడింది. ఆక్సిజన్ అందని చోట పేరుకున్నది పచ్చగా మిగిలింది. ఎర్రదానిని గ్రినెల్ పొర అనీ, పచ్చదానిని ఎపకనీ పొర అనీ అంటారు. పార్కులో రాయి తీసుకెళ్లడం నేరం గనుక ఆ రెండింటినీ ఆయన ఎక్కడివక్కడే, మునుపు ఉన్న తీరులోనే నీళ్లలో పెట్టి బయటికి వచ్చారు.

సరస్సుకు ఈ పేరు 1878లో డంకన్ మెక్‌డొనాల్డ్ అనే వర్తకుడు ఒక చెట్టు మీద తన పేరు చెక్కడం వల్ల వచ్చిందని చెబుతారు. ఆయన తండ్రి స్కాట్లండ్ వాడు, తల్లి నెజ్ పెర్స్ తెగ స్త్రీ. అంతకు ఎంతో ముందునుంచే కూటెనైలు ఈ సరస్సు దిగువ ఒడ్డున పవిత్ర నృత్యాలు చేసేవారు. వారి భాషలో ఈ సరస్సు పేరు ఆ నృత్యాన్నే తలుస్తుంది. డైరీలో మొదటి జంట పేర్లు ఇవే.

రెండో రోజు: సూర్యుని వైపు వెళ్లే దారి

లోగన్ కనుమ దగ్గర కార్లు నిలిపే చోటు పొద్దున్నే నిండిపోతుందని విని, చీకటితోనే బయలుదేరాము. దారిలో అవలాంచ్ వాగు ఒడ్డున కాసేపు ఆగి, సైప్రస్ కుటుంబానికి చెందిన ఎర్ర సీడర్ చెట్ల కింద నడిచాము. పసిఫిక్ తేమగాలులు ఇంత దూరం లోపలికి వచ్చి, ఈ కొండలకు తగిలి వాన కురిపించడం వల్లనే తీరప్రాంతపు అడవి లాంటిది ఇక్కడ బతుకుతోంది. అదే తేమ శిఖరాలు దాటి అవతలికి పోదు. ఆ తేడాను అదే రోజు సాయంత్రానికి కళ్లారా చూశాము.

గోయింగ్ టు ది సన్ రోడ్డు పొడవు 80 కిలోమీటర్లు. 1921లో పని మొదలుపెట్టి 1932 నాటికి దారి పూర్తిచేశారు. 1933 జులై 15న అధికారికంగా ప్రారంభించారు. కొండ మీదికి 15 మెలికలతో దారి వేయాలని మొదట ఒక ప్రణాళిక ఉండేది. థామస్ వింట్ అనే భూదృశ్య శిల్పి దానిని కాదని, ఒకే ఒక మెలికతో, గార్డెన్ వాల్ అనే నిట్టనిలువు గోడను వారగా తొలుచుకుంటూ పోయే దారి మేలని వాదించి గెలిచాడు. లోయలోంచి తలెత్తి చూస్తే ఆ దారి కొండ నడుముకు కట్టిన సన్నని దారంలా కనిపిస్తుంది. ఏటా వసంతంలో దీని మీది మంచును తొలగించడానికి వారాలు పడుతుంది. కనుమకు తూర్పున బిగ్ డ్రిఫ్ట్ అనే చోట మంచు 24 మీటర్ల ఎత్తు దాకా పేరుకొనడం కూడా ఉంది.

దారి పైకెక్కేకొద్దీ కొండల పక్కటెముకలు బయటపడ్డాయి. ఆ రాళ్లను భూగర్భ శాస్త్రవేత్తలు బెల్ట్ శ్రేణి అంటారు. దాదాపు 145 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ లోతులేని విశాలమైన సముద్రమొకటి ఉండేది. అందులో కోట్ల ఏళ్లపాటు ఇసుక, బురద, సున్నం పొర మీద పొరగా, కిలోమీటర్ల మందాన పేరుకున్నాయి. ఆ కాలానికి భూమి మీద జంతువు లేదు, మొక్క లేదు. అంతటి పురాతన రాళ్లు చాలా చోట్ల వేడికీ ఒత్తిడికీ కరిగి ముడుచుకొని గుర్తుపట్టలేని స్థితికి వస్తాయి. ఇక్కడ మాత్రం నిన్న ఆరిన బురదలా ఉన్నాయి. కనుమ నుంచి హిడెన్ లేక్ వైపు రెండు కిలోమీటర్లకు పైగా నడిచే దారిలో మా నాయన ఒక పలక దగ్గర కూర్చుండిపోయారు. దాని మీద అలల గుర్తులున్నాయి. పక్క పలక మీద ఎండకు బీటలువారిన చెరువు అడుగులో ఉండే పగుళ్లే ఉన్నాయి. “వంకలో నీళ్లు పోయినాక ఇట్లనే కదా ఉండేది” అంటూ వేలితో ఆ పగుళ్ల వెంట గీస్తూ పోయారు. ఆ బురద ఎండిన రోజున రోజుకు 24 గంటలు కూడా లేవు, భూమి అంతకంటే త్వరగా తిరిగేదని నేను చెబితే, ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

గార్డెన్ వాల్ ముఖాన ఒక నల్లని గీత మైళ్ల పొడవునా ఒకే మందంతో సాగిపోతుంది. దానికి పైనా కిందా తెల్లని అంచులున్నాయి. పొరల మధ్యకు చొరబడిన శిలాద్రవం గడ్డకట్టినది ఆ నల్లటి పట్టీ. ఆ వేడికి కాలి పాలరాయిగా మారిన సున్నపురాయి ఆ తెల్లటి అంచులు. శిఖరాల రూపం ఇచ్చినది మాత్రం చాలా ఆలస్యంగా వచ్చిన మంచు. సుమారు 12,000 ఏళ్ల కిందట ముగిసిన హిమయుగంలో ఈ లోయలన్నీ మంచుతో నిండి ఉండేవి. రెండు వైపుల నుంచీ హిమానీనదాలు తొలుచుకుంటూ వస్తే మధ్యన గార్డెన్ వాల్ లాంటి సన్నని గోడ మిగిలింది. నాలుగు వైపులా తొలిస్తే రెనాల్డ్స్ శిఖరం లాంటి కొమ్ము మిగిలింది. పెద్ద లోయ లోతుగా తెగి, పక్కలోయ మీదనే వేలాడుతూ మిగిలిపోయిన చోట జలపాతాలు దూకుతున్నాయి. వాటిలో బర్డ్ ఉమన్ జలపాతం 150 మీటర్ల ఎత్తు నుంచి పడుతుంది.

లోగన్ కనుమ ఎత్తు 2,025 మీటర్లు. ఖండపు జలవిభాజక రేఖ దీని మీదుగానే పోతుంది. కురిసిన వాన ఒక పక్కన పసిఫిక్ వైపు, ఇంకో పక్కన హడ్సన్ అఖాతం వైపు జారిపోతుంది. ఈ పార్కులో మరింత అరుదైన చోటొకటి ఉంది. ట్రిపుల్ డివైడ్ శిఖరం మీద పడే నీరు మూడు దారులు పడుతుంది: కొలంబియా నది ద్వారా పసిఫిక్‌కు, మిసోరి, మిసిసిపీల ద్వారా మెక్సికో సింధుశాఖకు, సెయింట్ మేరీ, సస్కాచవాన్ నదుల ద్వారా హడ్సన్ అఖాతానికి. అమ్‌స్కాపి పికాని అని తమను తాము పిలుచుకునే బ్లాక్‌ఫీట్‌లు ఈ కొండలను ‘ప్రపంచపు వెన్నెముక’ అంటారు. జలవిభాజకం అనే మాట వినకముందే ఆ పేరు పెట్టినవారికి ఈ నేల నడక ఎంత బాగా తెలుసో ఆ పేరే చెబుతోంది.

తూర్పు వైపు దిగుతుంటే సీడర్లు మాయమై, గాలికి వంగిన పొట్టి చెట్లూ గడ్డీ మొదలయ్యాయి. సెయింట్ మేరీ సరస్సు పక్కన 2015 కార్చిచ్చులో కాలిన మానులు ఇంకా నిలబడే ఉన్నాయి. ఈ సరస్సుకు బ్లాక్‌ఫీట్ భాషలో ఉన్న పేరుకు అర్థం కొండల లోపలి సరస్సు అని. రెండు గోడల మధ్య ఇరికిన ఆ నీటిని చూసినవారికి ఆ పేరే సరైనదని తోస్తుంది.

మూడో రోజు: మంచు కరిగిన చోట

మెనీ గ్లేషియర్ లోయలో రెండు పడవలెక్కి స్విఫ్ట్‌కరెంట్, జోసెఫీన్ సరస్సులు దాటితే, గ్రినెల్ హిమానీనదానికి రానూపోనూ నడక 11 కిలోమీటర్లకు పైగా, ఎక్కుడు దాదాపు 490 మీటర్లు మిగులుతుంది. మా నాయన మోకాళ్ల గురించి నేను భయపడ్డాను గానీ, గని మెట్లు ఎక్కిదిగిన కాళ్లు అవి. నాకంటే నిదానంగా, నాకంటే తక్కువసార్లు ఆగి ఎక్కారు. పార్కులో సుమారు 300 గ్రిజ్లీ ఎలుగుబంట్లు ఉన్నందువల్ల మలుపు మలుపుకూ చప్పట్లు కొడుతూ నడవాలి. బేర్ స్ప్రే నడుముకు కట్టుకున్నాము, వాడే అవసరం రాలేదు. కింద గ్రినెల్ సరస్సు పాలు కలిపిన నీలంలా ఉంది. హిమానీనదం రాయిని పిండిలా నూరి నీటిలో వదిలితే, ఆ పిండి తేలుతూ వెలుగును చెదరగొట్టడం వల్ల ఆ రంగు వస్తుంది.

పైకి చేరేసరికి మధ్యాహ్నమైంది. ఎదురుగా మంచు ముక్కలు తేలుతున్న సరస్సు, దాని వెనుక గోడకు ఒదిగిన మంచు. ఈ హిమానీనదానికి తన పేరిచ్చిన జార్జ్ బర్డ్ గ్రినెల్ 1887లో ఇక్కడికి వచ్చినప్పుడు ఈ సరస్సు లేదు. మేము నిలబడిన బండలు కూడా మంచు కిందనే ఉన్నాయి. గోడ మీద అరుగులా కనిపిస్తున్న సాలమాండర్ అనే మంచుపలక అప్పట్లో ఈ హిమానీనదంలో భాగమే, 1920ల్లో విడిపోయింది. 1966 నుంచి 2015 మధ్యలోనే గ్రినెల్ హిమానీనదం దాదాపు 45 శాతం విస్తీర్ణాన్ని కోల్పోయింది. పార్కు మొత్తం మీద 1850 ప్రాంతంలో 150 దాకా హిమానీనదాలుండేవి. పాతిక ఎకరాలకు తగ్గకుండా ఉన్నవాటినే లెక్కిస్తే, పేరున్నవి 1966 నాటికి 35, 2015 నాటికి 26. కరిగిన చల్లని నీటిలో మాత్రమే బతికే రెండు జాతుల రాతి ఈగలను 2019లో ముప్పులో ఉన్న జీవులుగా చట్టం గుర్తించింది. లెక్కలు ముందే చదివి వచ్చాను. అయినా, పాత ఫొటోలో మంచు ఉన్న చోటున కాలు పెట్టి నిలబడితే గుండెలో కలుక్కుమంది.

మంచు వదిలిపెట్టి పోయిన బండల మీద, నడక దారికి పక్కనే, మేము వెతుకుతున్నది దొరికింది. నున్నగా అరిగిన సున్నపురాయి మీద జానెడు, మూరెడు వెడల్పున వలయాలు, అడ్డంగా కోసిన ఎర్రగడ్డలు పరిచినట్టు. ఇవి స్ట్రొమాటొలైట్లు. కంటికి కనిపించని సైనోబ్యాక్టీరియా సముద్రపు అడుగున జిగురు తెరలా పెరిగి, దాని మీద పడ్డ మన్నును పట్టుకొని, మళ్లీ దాని మీద పెరిగి, ఇలా పొరలు కట్టిన దిబ్బలు రాళ్లయ్యాయి. మనం పీల్చే ఆక్సిజన్‌ను మొదట గాలిలోకి వదిలింది ఈ జాతి జీవులే. మా నాయన ఒక వలయం మీద అరచేయి ఆనించి, “వేంపల్లె దగ్గర ఇట్లాంటివి చూసినానమ్మా” అన్నారు. నేను ఆశ్చర్యపోలేదు. కడప బేసిన్‌లో వేంపల్లె పేరు పెట్టిన సున్నపురాతి శ్రేణి ఉంది. 190 కోట్ల ఏళ్లకు పైబడిన ఆ రాళ్లలో స్ట్రొమాటొలైట్లు విరివిగా ఉన్నాయి. భూమికి రెండు వైపులా, కోట్ల ఏళ్ల తేడాతో, లోతులేని సముద్రాల్లో అదే జీవి అదే పని చేసింది. ఊళ్లో ఆవులను తోలుకుపోయే దారిలో పడి ఉన్న బండల విలువ ఆయనకు మోంటానాలో తెలిసింది. దానికి నాకు సంతోషమూ కలిగింది, ఊళ్లో ఎవరూ చెప్పలేదే అన్న బాధా కలిగింది.

నాలుగో రోజు: రెండు పూజాగృహాల నది

ఉదయం టు మెడిసిన్ లోయకు వెళ్లాము. సూర్యనృత్యం అనే పవిత్ర ఆచారం కోసం ఒకప్పుడు ఈ నది ఒడ్డున రెండు పూజాగృహాలు కట్టారట. ఆ పేరే క్లుప్తమై ఇంగ్లిషులో ఇలా మిగిలింది. లోయ మొదట్లోని జలపాతం పేరు రన్నింగ్ ఈగిల్. బ్లాక్‌ఫీట్ భాషలో పిటామకన్. యుద్ధాలకు నాయకత్వం వహించిన ఒక స్త్రీకి తెగ గౌరవంగా ఇచ్చిన పేరు అది. ఆమె దర్శనం కోరి ఉపవాసముండినది ఈ జలపాతం దగ్గరేనని చెబుతారు. వాన ఎక్కువైనప్పుడు పైనుంచి దూకే నీరు, తగ్గినప్పుడు రాతి గుహలోంచి బయటికి ఉబికి వస్తుంది. ఈ వింత వల్ల సందర్శకులు దీనిని చాలాకాలం ట్రిక్ ఫాల్స్ అనే పిలిచారు. ఆమె పేరు తిరిగి వచ్చినందుకు నాకు తృప్తిగా ఉంది.

మధ్యాహ్నం పార్కు దాటి, బ్లాక్‌ఫీట్ రిజర్వేషన్ కేంద్రమైన బ్రౌనింగ్ పట్టణానికి వెళ్లాము. రిజర్వేషన్ అంటే ఒప్పందం ప్రకారం తెగకు మిగిలిన భూభాగం, ఇక్కడ అది సుమారు 15 లక్షల ఎకరాలు. 1941లో తెరిచిన ప్లెయిన్స్ ఇండియన్ మ్యూజియంలో తోలు గుడారాలు, పూసల దుస్తులు ఉన్నాయి. పూసల పని గొప్పది. అయినా నా మనసు అక్కడి కాలక్రమం దగ్గరే ఆగిపోయింది. 1855 ఒప్పందంలో ఈ మైదానాలు వారివిగా ఒప్పుకున్న ప్రభుత్వం, తరువాతి ముప్పై ఏళ్లలో విడతలు విడతలుగా వాటిని కోసేసింది. 1870 జనవరి 23న మరైయస్ నది ఒడ్డున శీతాకాలపు శిబిరంలో నిద్రలేస్తున్న ఒక బృందం మీద సైన్యం కాల్పులు జరిపి దాదాపు 200 మందిని చంపింది. వారిలో ఎక్కువమంది స్త్రీలు, పిల్లలు, ముసలివారు. పదేళ్లు గడిచేసరికి అడవిదున్నలను వేటగాళ్లు తుడిచిపెట్టేశారు. 1883–84 చలికాలంలో తిండి లేక సుమారు 600 మంది పోయారు. దీని తరువాతే కొండల బేరం మొదలైంది.

రాగి, బంగారం ఉన్నాయన్న పుకారుతో గనివాళ్లు కొండల్లోకి చొరబడుతుంటే, 1895 సెప్టెంబరులో ప్రభుత్వం ముగ్గురు ప్రతినిధులను పంపింది. ఆ ముగ్గురిలో ఒకరు నిన్న మేము చూసిన హిమానీనదానికి పేరైన గ్రినెల్. బ్లాక్‌ఫీట్‌లను ప్రేమించినవాడు, వారి కథలను సేకరించినవాడు, ఈ కొండలను పార్కుగా చేయాలని ప్రచారం చేసినవాడు కూడా ఆయనే. 15 లక్షల డాలర్లకు కొండల పట్టీ చేతులు మారింది. చీఫ్ మౌంటెన్ నా తల, ఇప్పుడు నా తల తెగిపోయింది అని నాయకుడు వైట్ కాఫ్ ఆ చర్చల్లో అన్నాడు. అది ప్రభుత్వ భూమిగా ఉన్నంతకాలం వేటకూ, చేపలకూ, కట్టెలకూ తమకు హక్కు ఉండాలని షరతు రాయించుకున్నారు. చెప్పుకోదగ్గ ఖనిజమేదీ దొరకలేదు. 1910లో పార్కు వచ్చింది. దానితోనే ఆ హక్కులు పోయాయని 1935లో కోర్టు తీర్పునిచ్చింది. అదే కాలంలో గ్రేట్ నార్తర్న్ రైల్వే తన హోటళ్లకు జనాన్ని రప్పించడానికి బ్లాక్‌ఫీట్‌ల బొమ్మలను ప్రకటనల్లో వాడుకుంది. మనుషులు లేని పచ్చి అడవి అన్న భావన ఇక్కడ కాగితాలతో తయారైంది. నల్లమలలో చెంచుల సంగతి తెలిసినవారికి ఇది కొత్త కాదు.

సాయంత్రం సెయింట్ మేరీలో బ్లాక్‌ఫీట్ పెద్ద ఒకరు మాట్లాడారు. నేటివ్ అమెరికా స్పీక్స్ అనే ఈ కార్యక్రమాన్ని పార్కు 1982 నుంచి నడుపుతోంది. ఆయన కొండల పేర్లు ఒక్కొక్కటే చెబుతూ పోయారు. ముగిశాక మా నాయన డైరీ పట్టుకొని ఆయన దగ్గరికి వెళ్లి, నా ద్వారా ఒకే ఒక్కటి అడిగారు: చీఫ్ మౌంటెన్‌ను మీరు ఏమంటారు? ఆయన నిదానంగా పలికారు. మా నాయన రాసుకొని, పైకి చదివి వినిపించారు. ఆయన తల అడ్డంగా ఊపి, ఒక అచ్చును సాగదీసి మళ్లీ పలికారు. మూడోసారికి ఒప్పుకున్నారు. నినైస్తాకో. నినా అంటే నాయకుడు, మిగిలినది కొండ.

అయిదో రోజు: నినైస్తాకో

బాబ్ ఊరు దాటి కెనడా వైపు పోయే రోడ్డు మీద ఒక మలుపు తిరగగానే కొండ కనిపించింది. మిగతా శిఖరాల వరుసకు దూరంగా, మైదానం అంచున ఒంటరిగా నిలబడిన చదరపు బండ. ఎత్తు 2,768 మీటర్లు. 1792లోనే పీటర్ ఫిడ్లర్ అనే సర్వేయరు దూరం నుంచి దీనిని చూసి, స్థానికుల పేరుతో సహా తన దినచర్యలో రాసుకున్నాడు. కింద గడ్డి, ఆస్పెన్ చెట్లతో మెత్తగా వాలిన గుట్ట. దాని మీద హఠాత్తుగా, కత్తితో కోసినట్టు, నిలువు గోడ. మధ్యలో గీత.

గీతకు కింద ఉన్నవి డైనోసార్ల కాలపు బురదరాళ్లు, ఇసుకరాళ్లు. పైన ఉన్నది బెల్ట్ సముద్రపు సున్నపురాయి. ఖండపు పడమటి అంచున భూఫలకాలు ఢీకొన్న ఒత్తిడికి, కిలోమీటర్ల మందమున్న పాత రాతి పలక ఒకటి అడుగు నుంచి ఊడి, దాదాపు 80 కిలోమీటర్లు తూర్పుకు జరిగి కొత్త రాళ్ల మీదికెక్కింది. ఆ కదలిక సుమారు 6 కోట్ల ఏళ్ల కిందట ముగిసింది. బెయిలీ విల్లిస్ అనే శాస్త్రవేత్త 1901లో ఇక్కడ తిరిగి, మరుసటి ఏడు దీనిని ప్రకటించాడు. దీనికి లూయిస్ ఓవర్‌థ్రస్ట్ అని పేరు. పలక ముందు అంచును వానా మంచూ తినేయగా, ఒంటరిగా మిగిలిన ముక్కే ఈ కొండ.

మా నాయన కారు దిగి, బానెట్‌కు ఆనుకొని చాలాసేపు చూశారు. నేను చెప్పబోతే చేయి అడ్డం పెట్టారు. ఆ తరువాత ఆయనే అన్నారు: “వానాకాలంలో పలకలు పేర్చి పెడితే, మధ్యలో తడిసిన మన్నుంటే, పైవి జారి పక్క వరుస మీద ఎక్కుతాయి. నేనెన్నిసార్లు చూల్లేదు! కింద మెత్తగ ఉండబట్టే పైది విరక్కుండా జరిగింది.” కింది రాయి బలహీనంగా ఉండడం, దానిలో ఇరుక్కున్న నీటి ఒత్తిడి, పలక సునాయాసంగా జారడానికి కారణమని శాస్త్రవేత్తలు చెప్పే మాట కూడా దీనికి దగ్గరదే.

ఈ కొండ బ్లాక్‌ఫీట్‌లకు అన్నిటికంటే పవిత్రమైనది. యువకులు దర్శనం కోరి దీని మీద ఉపవాసముండేవారు. 1892లో హెన్రీ స్టిమ్సన్ అనే అమెరికన్ తూర్పు ముఖం గుండా శిఖరమెక్కినప్పుడు, తానే మొదటివాడనుకున్న చోట, ఉపవాసమున్నవారు తలకింద పెట్టుకున్న అడవిదున్న పుర్రె కనిపించింది. ఇప్పటికీ కొండ పాదాన చెట్లకు రంగుబట్టలు కట్టి ఉంటాయి. అవి మొక్కుబడులు, ముట్టకూడదు, ఫొటో తీయకూడదు. మేము దగ్గరికి వెళ్లలేదు, రోడ్డు నుంచే చూశాము. 2023 జూన్‌లో బ్లాక్‌ఫీట్ నేషన్ ఈ కొండ దగ్గరే అడవిదున్నల మందను స్వేచ్ఛగా వదిలింది. ఇన్నీ అని వారు పిలిచే ఆ పశువులు మాకు కనిపించలేదు గానీ, అవి ఆ గుట్టల వెనుక ఎక్కడో మేస్తున్నాయన్న ఎరుకతోనే నేను ఆ పూటంతా గడ్డిని చూస్తూ గడిపాను.

ఆరో రోజు: మరైయస్ కనుమ

వైట్‌ఫిష్‌కు తిరుగుదారిలో పార్కు దక్షిణపు అంచున మరైయస్ కనుమ దాటాము. దీని ఎత్తు 1,589 మీటర్లు. 1889 డిసెంబరులో జాన్ స్టీవెన్స్ అనే ఇంజనీరు కూన్సా అనే స్థానిక గైడ్‌ను వెంటబెట్టుకొని వచ్చి రైలుకు ఈ దారిని ఖాయం చేశాడు. చరిత్రలో దీనిని కనిపెట్టడం అంటారు; గైడ్‌కు దారి తెలిసి ఉండడమే ఆ మాటకు జవాబు.

కారు ఆపి టీ తాగుతుంటే, రోడ్డుకు ఉత్తరాన బ్లాక్‌ఫీట్ నాయకుని పేరుతో ఉన్న లిటిల్ డాగ్ కొండ, దాని పక్కన సమ్మిట్ కొండ ఎండకు తేలికగా మెరుస్తున్నాయి. పక్కనున్న బోర్డును మేమింకా చదవలేదు. మా నాయన గ్లాసు కింద పెట్టి, చూపుడువేలు చాచి, చెట్ల వాలు ముగిసి నిట్టగోడ మొదలయ్యే చోటును ఎడమ నుంచి కుడికి నిదానంగా గీసుకుంటూ పోయారు. “అదో, ఆ గీత ఇక్కడిదాకా వచ్చిందమ్మా” అన్నారు. తరువాత డైరీ తీసి, తేదీ వేసి, ఆ రెండు కొండల పేర్లు రాసుకొని, పక్కన మరో పేరుకు చోటు ఖాళీగా వదిలారు.